నడుముకి మత్తు, పెద్దవాళ్ళ బీపీ: ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ఇంట్లోవాళ్ళు చేయాల్సినవి

నడుములో మత్తు మందు ఎక్కించాక పెద్దవాళ్ళ దగ్గర నేను ముందు కనిపెట్టేది ఆవులింతలు. కాళ్ళు బరువెక్కాయని చెబుతూ చెబుతూనే మనిషి ఒక ఆవులింత తీస్తాడు. వెంటనే ఇంకోటి. తర్వాత "కడుపులో దేవుతోంది డాక్టరమ్మా" అంటాడు. మానిటర్ మీద అప్పటికింకా పాత బీపీయే కనిపిస్తూ ఉంటుంది. నేను ఒక చేత్తో కఫ్ (చేతికి చుట్టే బీపీ పట్టీ) బటన్ మళ్ళీ నొక్కి, రెండో చేత్తో నింపి పెట్టుకున్న సిరంజి అందుకుంటాను. అర నిమిషం తర్వాత కొత్త అంకె వస్తుంది. 140 ఉండాల్సిన చోట 90, ఒక్కోసారి 80.

తెనాలిలో 26 ఏళ్ళుగా మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికొచ్చేవాళ్ళలో 65 దాటినవాళ్ళే ఎక్కువ. బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్న అమ్మమ్మలు, మోకాళ్ళు అరిగిపోయిన రైతులు, హెర్నియాని పదేళ్ళు పంచె కింద దాచుకుని తిరిగిన తాతలు. వాళ్ళని తీసుకొచ్చే కొడుకులూ కూతుళ్ళూ ఆపరేషన్ గది బయట నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "నడుముకి సూది వేస్తే జీవితాంతం నడుం నొప్పి ఉంటుందట కదా మేడం?" సూది దిగిన చోట నాలుగు రోజులు సలపరం ఉండొచ్చు. అంతకు మించి భయపడక్కర్లేదు. నన్ను అడగాల్సింది వేరే ఉంది: "మా నాన్నకి బీపీ ఎంత పడొచ్చు, అది ఎక్కువ పడకుండా మేమేం చెయ్యొచ్చు?" మీరు చేయగలిగింది చాలా ఉంది. ఇదంతా అది చెప్పడానికే రాస్తున్నాను.

అసలు బీపీ ఎందుకు పడుతుంది

నడుముకి ఇచ్చే మత్తు రెండు రకాలు. స్పైనల్‌లో సన్నటి సూది వెన్నుపాము చుట్టూ ఉన్న పొరని దాటి లోపలి నీళ్ళలోకి పోతుంది. రెండు మూడు మిల్లీలీటర్ల మందు చాలు, ఐదు నిమిషాల్లో కాళ్ళు కదలవు. ఎపిడ్యూరల్‌లో సూది ఆ పొర దాటదు, బయటే ఆగిపోతుంది. అక్కడ సేమియా పోగంత గొట్టం ఒకటి వదిలిపెట్టి దాని ద్వారా మందు కొంచెం కొంచెంగా ఇస్తాం. పూర్తిగా పట్టడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా రెండు మూడు రోజులు ఆ గొట్టంలోంచే నొప్పి మందు పంపొచ్చు. ఈ పొర బయటి మత్తుని 1921లో స్పెయిన్ సైనిక వైద్యుడు ఫిడెల్ పాజెస్ రాతలో పెట్టాడు. నడుములో ఈ పొర బయట గొట్టం వదిలే పద్ధతిని 1947లో క్యూబాలోని హవానాలో క్యూర్బెలో అనే డాక్టరు మొదలుపెట్టాడు, అదీ మూత్రనాళంలో వేసే పట్టు గొట్టంతో. మేం ఇవాళ చేసేది దాన్ని సన్నగా, మెత్తగా మార్చుకున్న రూపమే. మందు అలా కొంచెం కొంచెంగా ఎక్కే నిదానమే ముసలి గుండెకి మేలు.

ఇక బీపీ సంగతి. మాది మూడు కాలువల ఊరు కాబట్టి కాలువ లెక్కలోనే చెబుతాను. బ్యారేజీలో నీళ్ళు వదిలితే పెద్ద కాలువలో మట్టం నిలబడేది తూములు సగం సగం మూసి ఉంచడం వల్ల. అన్ని తూములూ ఒకేసారి పైకెత్తేశారనుకోండి, నీళ్ళన్నీ బోదెల్లోకీ చేలల్లోకీ పరుచుకుపోతాయి. కాలువలో మట్టం పడిపోతుంది, శివారు భూములు ఎండుతాయి. మన ఒంట్లో తూములు కాసే లస్కర్లు సన్నటి నరాలు. ఛాతీ మొదటి పూస దగ్గర్నుంచి నడుము రెండో పూస దాకా వెన్నులోంచి బయటికొచ్చి రక్తనాళాల్ని బిగించి పట్టుకుని ఉంటాయి. నొప్పి తెలిపే నరాలూ ఇవీ పక్కపక్కనే బయటికొస్తాయి. మత్తు మందుకి ఏది ఏదో తెలియదు, రెండింటినీ నిద్రపుచ్చుతుంది. సన్నటివి కాబట్టి బిగించే నరాలే ముందు లొంగుతాయి. కాళ్ళలో, పొట్టలో రక్తనాళాలు వదులై రక్తం అక్కడే నిలిచిపోతుంది. గుండెకి తిరిగి వచ్చేది తగ్గుతుంది. రానిదాన్ని గుండె ఎక్కణ్ణుంచి పంపుతుంది?

పాతికేళ్ళ కుర్రాడికీ ఇదంతా జరుగుతుంది. కానీ వాడి గుండె వెంటనే వేగం పెంచుతుంది, మత్తు తగలని పైభాగం రక్తనాళాలు బిగుసుకుంటాయి, మట్టం కొంతవరకు నిలబడుతుంది. డెబ్బై దాటిన ఒంట్లో లెక్క వేరు. మెడలో బీపీ తగ్గిందని కనిపెట్టే చోటు మొద్దుబారి ఉంటుంది. అది కబురు పంపినా గుండె మునుపటిలా వేగం అందుకోదు. గుండె గోడ గట్టిపడి ఉంటుంది కాబట్టి నిండుగా రక్తం వస్తేనే నిండుగా పంపగలదు. వీటన్నిటికీ మించిన విషయం ఇంకొకటుంది. పెద్దవాళ్ళ బీపీ మామూలు రోజున నిలబడేదే ఆ నరాల బిగింపు మీద. కుర్రవాళ్ళ కంటే వాళ్ళకి ఆ బిగింపు ఎక్కువ. ఎంత గట్టిగా పట్టి ఉంచితే వదిలినప్పుడు అంతగా పడుతుంది. పైకి 170 ఉండే మనిషి 90కి జారడం, 120 ఉండే మనిషి 100 దగ్గర ఆగడం నేను ఎన్నోసార్లు చూశాను. "మా నాన్నకి బీపీ ఎక్కువే కాబట్టి పడినా ఫరవాలేదు" అని కొందరు అంటారు. అది పూర్తిగా తలకిందులు. ఏళ్ళ తరబడి ఎక్కువ బీపీకి అలవాటుపడ్డ మెదడూ కిడ్నీలూ తక్కువ బీపీని తట్టుకోలేవు. శివారు భూములు అవే.

వారం ముందు: బీపీ పుస్తకం

ఆపరేషన్ తేదీ తెలిసిన రోజునుంచి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. పొద్దునా సాయంత్రం కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఆగి బీపీ చూసి రాయండి. తర్వాత లేపి నిలబెట్టి, ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్ళీ చూడండి. పక్కన పట్టుకోవడానికి మనిషి ఉండాలి. నిలబడ్డాక పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే ఆ పేజీ మూల మడిచి నాకు చూపించండి. ఆ మనిషికి మట్టం నిలబెట్టే శక్తి మత్తు ఇవ్వకముందే తక్కువగా ఉందని దాని అర్థం.

ఈ పుస్తకం నాకు ఇంకో పనికి కూడా కావాలి. ఆపరేషన్ బల్ల మీద భయంతో ప్రతి ముసలాయనకీ 180, 190 చూపిస్తుంది. అదే ఆయన మామూలు బీపీ అనుకుంటే నేను తప్పులో కాలేసినట్టే. మత్తు పట్టాక బీపీని ఆయన మామూలు అంకె నుంచి ఐదో వంతుకి మించి పడనివ్వకూడదని చూస్తాం. ఆ మామూలు అంకె ఎంతో నాకు చెప్పగలిగేది మీ ఇంటి నోటుపుస్తకమే.

తుంటి విరిగినవాళ్ళకి వారం రోజులు టైం ఉండదు. వాళ్ళకి వీలైతే 48 గంటల్లోపు ఆపరేషన్ అయిపోవాలి. అందుకని పాత చీటీలు, పక్కింటి ఆర్‌ఎంపీ రాసిన అంకెలు, ఏవుంటే అవి తీసుకురండి.

మాత్రల సంచీ

దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

కొన్నేళ్ళ కిందట మోకాలి ఆపరేషన్‌కి 72 ఏళ్ళ పెద్దావిడ వచ్చారు. ఎపిడ్యూరల్ పెట్టాం, మందు మూడు మిల్లీలీటర్ల చొప్పున నిదానంగానే ఇచ్చాను. పావుగంటకి బీపీ 70/40. మామూలుగా ఇచ్చే ఇంజక్షన్ ఇచ్చాను, లేవలేదు. మళ్ళీ ఇచ్చాను, కాసేపు 90కి లేచి మళ్ళీ పడిపోయింది. చివరికి బీపీని లేపే గట్టి మందు నారడ్రినలిన్ చుక్కలు మొదలుపెడితే గానీ మట్టానికి రాలేదు. ఆవిడ తెలివిలోనే ఉండి "నాకేమవుతోందమ్మా" అని నా చెయ్యి పట్టుకుని అడిగిన మాట ఇప్పటికీ నాకు వినబడుతుంది. ఆవిడకేమీ కాలేదు, నాలుగో రోజు వాకర్‌తో నడిచారు. బయటికొచ్చి అడిగితే కోడలు చెప్పింది: పొద్దున ఐదింటికి గుక్కెడు నీళ్ళతో టెల్మిసార్టాన్ వేసిందట. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మేమిచ్చిన కాగితంలో "బీపీ మాత్ర వేసుకుని రావాలి" అని రాసి ఉంది. ఏ బీపీ మాత్రో రాయలేదు. ఆ కాగితం మీద సంతకం నాది.

అప్పటినుంచి నేను కాగితం మీద రాయడం మానేశాను. మాత్రల అట్ట మీదే మార్కర్ పెన్నుతో రాస్తాను: "ఆపరేషన్ పొద్దున వద్దు" అనో, "ఆపరేషన్ పొద్దున కూడా వెయ్యాలి" అనో. మీరూ మీ మత్తు డాక్టరు చేత అలాగే రాయించుకోండి. పేర్ల జాబితా రాసుకుని రావద్దు, అట్టలే తీసుకురండి. డబ్బాలో, దిండు కింద, దేవుడి గూట్లో ఉన్నవన్నీ ఒక సంచీలో వేసి తెచ్చెయ్యండి. ఆ సంచీలో నేను వెతికేవి ఇవి.

టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు. రక్తనాళాల్ని బిగించే ఇంకో దారిని ఇవి మూసేస్తాయి. నరాల దారి మేం మూస్తాం, ఈ దారి మాత్ర మూసేస్తుంది, ఇక ఒంటికి మిగిలేది చాలా తక్కువ. అందుకే మాలో చాలామంది వీటిని 24 గంటల ముందు ఆపిస్తాం. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి వస్తున్నాయి కాబట్టి అట్ట వెనక సన్నక్షరాలు చదవాలి.

గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రల సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. వీటిని అలవాటున్నవాళ్ళు ఆపకూడదు, ఆపితే గుండె ఎగిరిపడుతుంది. ఆపరేషన్ రోజు కూడా వెయ్యాలి. కానీ వేసుకున్నారని నాకు తెలిసి తీరాలి. ఎందుకో చెబుతాను. గొట్టం పెట్టాక ముందు ఒక చిన్న పరీక్ష మోతాదు ఇస్తాం, అందులో చిటికెడు అడ్రినలిన్ ఉంటుంది. గొట్టం పొరపాటున రక్తనాళంలోకి పోయి ఉంటే ఒక్క నిమిషంలో గుండె వేగం ఉన్నదాని మీద 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెరిగి మాకు తెలిసిపోతుంది. ఈ మాత్ర వేసుకున్నవాళ్ళకీ, బాగా వయసు మళ్ళినవాళ్ళకీ గుండె వేగం పెరక్కపోవచ్చు. అప్పుడు నేను నాడిని నమ్మను, బీపీ పై అంకె లేచిందా అని చూస్తాను. మాత్ర సంగతి దాస్తే నేను తప్పు చోట చూస్తూ కూర్చుంటాను.

మగవాళ్ళకి ప్రొస్టేట్ కోసం రాత్రి వేసే టామ్సులోసిన్ లాంటిది. దీన్ని ఎవరూ బీపీ మాత్ర అనుకోరు, అందుకే చెప్పరు. అది కూడా రక్తనాళాల్ని వదులు చేస్తుంది. నీరు పోవడానికి ఇచ్చే మాత్రలు కూడా చెప్పాలి. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే మూడు రోజుల ముందే ఆపాలి, డాక్టర్ని అడిగి.

రక్తం పలచబడే మందులు బీపీకి సంబంధించినవి కావు గానీ నడుములో సూది వెయ్యాలా వద్దా అన్నది వాటితోనే తేలుతుంది. క్లోపిడోగ్రెల్ అయితే ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి. ఆస్పిరిన్ ఒక్కటే అయితే సూదికి అడ్డం కాదు. కానీ స్టెంట్ వేసినవాళ్ళు దేన్నీ సొంతంగా ఆపొద్దు. గుండె డాక్టరూ మేమూ మాట్లాడుకుని తేలుస్తాం.

ఇంకా, మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో వేయించుకున్న సూదులు, సంతలో కొన్న పొట్లాలు. సిగ్గుపడకుండా చెప్పండి. నేను తిట్టను.

గుండె తలుపు గురించి మూడు ప్రశ్నలు

ఇవి ఇంట్లోనే అడగండి. మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగి కూర్చుండిపోయారా? నడిస్తే గుండెల్లో పట్టేసినట్టు ఉంటుందా? ఈ ఏడాదిలో ఉన్నట్టుండి స్పృహ తప్పారా? "అవును" అని ఒక్కటి వచ్చినా ఎకో (గుండె స్కాన్) తీయించకుండా నడుముకి మత్తుకి ఒప్పుకోకండి. వయసుతో గుండెలోంచి రక్తం బయటికి పోయే కవాటం సున్నం పట్టి బిగుసుకుపోతుంది. తుప్పుపట్టి జానెడే లేచే షట్టర్ లాంటిది. కింద చేలు ఖాళీ అయ్యాయని అది ఎక్కువ నీళ్ళు వదల్లేదు. అలాంటివాళ్ళకి ఒక్కసారిగా బీపీ పడితే గుండెకే రక్తం అందదు. కవాటం బాగా బిగుసుకుపోయి ఉంటే ఒకేసారి ఇచ్చే స్పైనల్ నేను ఇవ్వను. వేరే దారులున్నాయి.

ఇక్కడే ఇంకో మాట. "నడుముకే ఇవ్వండి, పూర్తి మత్తు వద్దు, తాతయ్య లేవడు" అని పట్టుబట్టేవాళ్ళుంటారు. తుంటి విరిగినవాళ్ళు 1,600 మంది మీద అమెరికా, కెనడాల్లో చేసి 2021లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో స్పైనల్‌కీ పూర్తి మత్తుకీ మధ్య, 60 రోజుల తర్వాత నడవగలగడంలో తేడా తేలలేదు. కాబట్టి ఏ మత్తన్నది మీ మనిషి గుండెని బట్టి తేలాలి, మీ భయాన్ని బట్టి కాదు.

ముందు రోజు రాత్రి

"రాత్రి పది తర్వాత నోట్లో నీటిచుక్క పడకూడదు" అన్న మాట మా ఆస్పత్రుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ అయితే అప్పటికి పదహారు గంటలు. ఎండిన ఒంటికి ఎపిడ్యూరల్ ఇస్తే బీపీ ఇంకా వేగంగా జారుతుంది. తిండి ఆరు గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు మాత్రం మామూలుగా రెండు గంటల ముందు వరకూ తాగొచ్చు. పాలు, మజ్జిగ, పాల కాఫీ ఈ లెక్కలోకి రావు, అవి తిండితో సమానం. మీ మత్తు డాక్టర్ని నేరుగా అడగండి: "ఎన్నింటి దాకా నీళ్ళు ఇవ్వొచ్చు?" షుగర్‌తో కడుపు నిదానంగా కదిలేవాళ్ళకి వేరే టైం చెప్పొచ్చు.

తుంటి విరిగిన ఆడవాళ్ళ సంగతి మరీ కష్టం. మంచంలో బెడ్‌పాన్ పెట్టాలంటే ప్రాణం పోయేంత నొప్పి. అందుకని నీళ్ళు తాగడమే మానేస్తారు, ఎవరికీ చెప్పరు. రెండు రోజుల్లో నాలుక చెక్కలా అయిపోతుంది. కూతుళ్ళూ, మీరు ఆ పక్కన కూర్చుని గంటకోసారి నాలుగు గుక్కలు తాగించండి. మూత్రం గొట్టం వేయించమని నర్సుని అడగండి. ఆ నాలుగు గుక్కలు మరునాడు నా చేతిలో ఒక సిరంజి ఖర్చు తగ్గిస్తాయి.

ఆపరేషన్ గదిలోకి పంపేముందు

వినికిడి మిషన్ తీసెయ్యొద్దు. నగలతో పాటు దాన్నీ మూటకట్టి ఇంటికి పంపేస్తున్నారు. ఆ పెద్దాయనకి నా మాట వినిపించాలి, ఆయన నాకు జవాబు చెప్పాలి. నడుముకి మత్తులో నాకున్న గొప్ప మానిటర్ ఆయన నోరే.

ఆయనకి ముందే నేర్పి పంపండి, చెవిలో పడేలా, రెండుసార్లు. "నాన్నా, ఆవులింతలొచ్చినా, కడుపులో దేవినా, చెవుల్లో హోరుమన్నా, చెమటలు పట్టినా ఆపుకోకుండా చెప్పు. చేతివేళ్ళు తిమ్మిరెక్కినా చెప్పు. మూతి చుట్టూ జివ్వుమన్నా, నోట్లో ఇనుప రుచి తగిలినా చెప్పు." మొదటి నాలుగూ బీపీ జారుతోందని చెప్పేవి. వేళ్ళ తిమ్మిరంటే మందు ఛాతీ పైదాకా ఎక్కిందని, అక్కడే గుండె వేగాన్ని పెంచే నరాలుంటాయి, అవి పడుకుంటే నాడి 45కి, ఇంకా కిందికి దిగొచ్చు. చివరి రెండూ, ఒక్కోసారి చెవుల్లో హోరు కూడా, మందు రక్తంలోకి పోతోందనడానికి గుర్తులు. మన పెద్దవాళ్ళు "డాక్టర్లని ఇబ్బంది పెట్టకూడదు" అని పళ్ళు బిగబట్టి పడుకుంటారు. ఆ మర్యాద అక్కడ పనికిరాదు.

లోపల నేను చేసేది మీకు తెలిస్తే మీ గుండె నిబ్బరంగా ఉంటుంది. కూర్చోబెట్టి, కాళ్ళు స్టూలు మీద పెట్టించి, దిండు కావలించుకుని వంగమంటాను. ముసలి వెన్ను ఎండిన వెదురులా ఉంటుంది, పూసల మధ్య సందు దొరకదు. మధ్యలో కుదరకపోతే పక్కనుంచి వెళ్తాను. రెండు మూడుసార్లు ప్రయత్నించామంటే చేతకాక అనుకోవద్దు. మందు కుర్రవాళ్ళకిచ్చేదాని కంటే తక్కువ ఇస్తాను. వయసుతో పూసల పక్కనున్న కంతలు మూసుకుపోతాయి, మందు పక్కలకి కారిపోకుండా పైకి ఎగబాకుతుంది. అందుకే మూడు మిల్లీలీటర్లు, ఆగడం, ఐసు ముక్కతో చల్లదనం ఎక్కడిదాకా తెలుస్తోందో చూడడం, మళ్ళీ మూడు. మొదటి ఇరవై నిమిషాలు బీపీ కఫ్ నిమిషానికోసారి బిగుస్తుంది. చెయ్యి నొప్పెడుతోందని విసుక్కుంటారు, కాస్త ఓర్చుకోమని చెప్పి పంపండి. బీపీ జారితే కాళ్ళ కింద దిండు పెట్టి ఎత్తుతాను, కాళ్ళలో నిలిచిన రక్తం వెనక్కొస్తుంది. బీపీ పెంచే ఫినైలెఫ్రిన్, మెఫెంటెర్మిన్ లాంటివి కొద్ది కొద్దిగా ఇస్తాను. నాడి బాగా తగ్గితే అట్రోపిన్. ఇవన్నీ సూది గుచ్చకముందే సిరంజిల్లో నిండి, పేర్లంటించి, బల్ల మీద ఉంటాయి.

"సెలైన్ ఒక్క సీసా కూడా పూర్తిగా ఎక్కించలేదేంటి" అని తర్వాత బిల్లు చూసి అడుగుతారు. కావాలనే. రెండు మూడు గంటల తర్వాత మత్తు వదిలేటప్పుడు లస్కర్లు మేలుకుని తూములన్నీ మళ్ళీ దించేస్తారు. చేలల్లో పరుచుకున్న నీళ్ళన్నీ కాలువలోకి తిరిగొస్తాయి. అప్పటికే రెండు మూడు సీసాలు అదనంగా పోసి ఉంటే గట్టు తెగుతుంది. ముసలి గుండెకి గండి పడే చోటు ఊపిరితిత్తులు. ఆ రాత్రి మీ మనిషి వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటున్నా, కొత్తగా దగ్గు మొదలైనా, ఊపిరి గరగరమన్నా తెల్లారేదాకా ఆగకండి. అప్పుడే నర్సుని లేపండి.

మొదటిసారి నిలబెట్టేటప్పుడు

మా అమ్మకి 74 ఏళ్ళప్పుడు మోకాలు మార్పించాం. నొప్పి తెలియకూడదని ఎపిడ్యూరల్ గొట్టం ఉంచారు. రాత్రంతా హాయిగా నిద్రపోయింది. నొప్పి లేకపోతే గుండె మీద భారం కూడా తగ్గుతుంది, నాడీ బీపీ ఎగరవు. అందుకే గుండె జబ్బున్నవాళ్ళకి కూడా ఈ గొట్టం మంచిదని నా నమ్మకం. తెల్లారి ఆరింటికి అమ్మ "బాత్రూంకి వెళ్తానే" అంది. మొహం కళగా ఉంది, కాలు కదుపుతోంది. నేను సరేనని లేపాను. రోజూ పదిమందికి చెప్పే జాగ్రత్త నాకు ఆ నిమిషంలో గుర్తురాలేదు, అప్పుడు నేను డాక్టర్ని కాదు, కూతుర్ని. రెండడుగులు వేసింది. "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయే" అంటూ నా భుజం మీదే జారిపోయింది. అటుపక్క ఆయమ్మ అందుకోకపోతే కొత్త మోకాలు నేలకి తగిలేది. మంచం మీద పడుకోబెట్టి చూస్తే బీపీ 84. గొట్టంలోంచి మందు పోతున్నంతసేపూ తూములు సగం ఎత్తే ఉంటాయి. పడుకున్నప్పుడు అది కనబడదు. నిలబడితే బయటపడుతుంది.

కాబట్టి ఇలా చెయ్యండి. నర్సో ఫిజియో డాక్టరో లేకుండా మొదటిసారి లేపొద్దు. ముందు పడుకున్నప్పుడు బీపీ చూపించుకోండి. రెండు కాళ్ళూ మంచం మీదనుంచి పైకెత్తి పట్టగలుగుతున్నారా చూడండి, ఎత్తలేకపోతే ఆ పూటకి లేపడం లేదు. మంచం తలవైపు ఎత్తి ఐదు నిమిషాలు ఉంచండి. తర్వాత కాళ్ళు కిందికి వేలాడేసి ఇంకో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి. పిక్కలు ఆడితే రక్తం పైకొస్తుంది. మళ్ళీ బీపీ. బాగుంటే అప్పుడు వాకర్ పట్టుకుని, ఇటొకరు అటొకరు ఉండగా నిలబెట్టి, అక్కడే నిలబడి నూరు లెక్కపెట్టండి. లెక్కపెట్టేటప్పుడు ఆయన చేతే పైకి లెక్కపెట్టించండి. గొంతు తగ్గుతూ పోయినా, అంకెలు తప్పినా వెంటనే కూర్చోబెట్టండి. మొహాన నీళ్ళు కొట్టి "ఏం ఫరవాలేదు, నడువు" అనకండి. తల కిందికి పెట్టి పడుకోబెట్టి కాళ్ళు ఎత్తండి.

మొదటి రెండు రోజులు బాత్రూం గడియ లోపలినుంచి వేసుకోనివ్వొద్దు. మగవాళ్ళు నిలబడి మూత్రం పోసుకోవడం కూడా ఆ రెండు రోజులూ మానుకోవాలి.

గొట్టం తీసేది నర్సో డాక్టరో. రక్తం గడ్డకట్టకుండా పొట్టకి వేసే సూదికీ గొట్టం తీయడానికీ మధ్య గంటల లెక్క ఉంటుంది, మామూలు మోతాదు సూది వేశాక 12 గంటలు ఆగి తీస్తాం, తీశాక నాలుగు గంటలు ఆగి మళ్ళీ సూది. అంటించిన ప్లాస్టర్ దురదపెడుతోందని ఎవరూ లాగకూడదు. తీశాక కొస పూర్తిగా ఉందో లేదో మీ కళ్ళతో చూపించమనండి. ఆ తర్వాత తగ్గిపోయిన తిమ్మిరి మళ్ళీ వచ్చినా, కాలు కొత్తగా బలహీనపడినా, నడుములో పోటు పెరిగినా మరుసటి రోజు చూద్దామనుకోవద్దు. అది గంటల్లో చూడాల్సిన పని.

ఇంటికొచ్చాక అదే నోటుపుస్తకం మళ్ళీ తెరవండి. ఆపిన బీపీ మాత్ర ఏ రోజునుంచి, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో డిశ్చార్జి చీటీలో రాయించుకుని రండి. రక్తం పోయి, తిండి తగ్గి ఉన్న ఆ మొదటి వారంలో పాత మోతాదు ఎక్కువైపోవచ్చు. పొద్దున కూర్చున్నప్పుడు ఒకటి, నిలబడ్డాక ఒకటి, రెండు అంకెలూ రాయండి. కుట్లు విప్పించడానికి వెళ్ళిన రోజు ఆ పేజీ డాక్టరు ముందు పెట్టండి.